మరపడవ గేరు కదలనపుడు చేయవలసిన పనులు

ఖమ్మము సీమ అంచున అడవి మొదలగు చోటినుండి భద్రాచలము మన్యము వరకు గల పల్లెలకు గోదావరి నదియు, దానిలో కలియు కిన్నెరసాని, తాలిపేరు, శబరి మొదలగు ఏరులును ఆధారములు. ఏడాదిలో ఎక్కువ కాలము ఈ నీరు పంటకు, పశువుకు, మనిషికి మేలే చేయును. ఆషాఢ శ్రావణ మాసములు వచ్చుసరికి ఈ నీరే దారికి అడ్డము నిలుచును. గోదావరి పొంగినపుడు వాగులు వెనుకకు తన్నును, కల్వర్టులు మునుగును, నిన్నటివరకు బస్సు నడచిన బాటమీద నేడు పడవ నడుపవలసి వచ్చును.

ఈ ప్రాంతమునకు పడవ క్రొత్తది కాదు. సర్ ఆర్థర్ కాటన్ కాలమున ఎగువ గోదావరిలో సరకుల పడవలు నడుపవలెనను తలంపుతో, భద్రాచలమునకు ఎగువన దుమ్ముగూడెము వద్ద ఆనకట్టయు, పడవలు దాటుటకు లాకులును నిర్మింపబడినవి. ఆ పథకము 1871లో విడిచిపెట్టబడినది. 1965లో భద్రాచలము వద్ద గోదావరిపై వంతెన తెరువబడిన తరువాత రేవు దాటుట చాలవరకు తగ్గినది. అయినను పడవ అవసరము తీరిపోలేదు. 1986 ఆగస్టులో భద్రాచలము వద్ద నీటిమట్టము 75.6 అడుగులకు చేరినది. 2022 జూలై 16వ తేదీన 71.3 అడుగులకు చేరినది. అక్కడ 43 అడుగులు మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులు రెండవది, 53 అడుగులు మూడవది అను మాట ఈ ప్రాంతపు పిల్లలు సైతము ఎరిగినదే. 2022 వరదలో వంతెనమీద రాకపోకలు నిలిపివేయవలసి వచ్చినది. అట్టి దినములలో బియ్యమును, మందులను, నిండు గర్భిణిని, పాము కరచినవానిని చేర్చవలసిన చోటికి చేర్చునది పడవయే.

నేడు ఆ పడవలలో పెక్కింటికి యంత్రము అమర్చబడి ఉన్నది. యంత్రమున్నచో గడవేయు శ్రమ తగ్గును, ప్రవాహమునకు ఎదురీదుట సాధ్యమగును. కాని యంత్రము ఎంత మేలు చేయునో, దాని తీరు తెలియనివారి చేతిలో అంత కీడును చేయును. అందులో ముఖ్యమైనది గేరు. ఇంజను చక్కగా మ్రోగుచుండును, పెట్రోలు నిండుగా ఉండును, గేరు మీట మాత్రము కదలదు. పడవ ముందుకు పోదు, లేదా ముందుకే పోవుచు ఆగదు. ఇట్టి స్థితిలో ఏమి చేయవలెనో, ఏమి చేయకూడదో, ముందుగా ఏ జాగ్రత్తలు తీసికొనవలెనో పంచాయతీ సభ్యులకు తెలియుట అవసరము. సభ్యుడు స్వయముగా మరమ్మతు చేయనక్కరలేదు. కాని ఏది చిన్న లోపమో, ఏది పెద్ద లోపమో తెలిసినవాడు ఊరి డబ్బును కాపాడగలడు, ఊరివారి ప్రాణములనుకూడ కాపాడగలడు.

గేరు చేయు పని

వరద సమయములలో వాడు చిన్న పడవలకు సాధారణముగా వెనుక అంచున తగిలించు ఇంజను ఉండును. దీని తల నీటికి పైన, కాలు నీటిలోపల ఉండును. తలలోని ఇంజను తిరిగినపుడు ఒక నిలువు ఇరుసు కాలులోనికి ఆ తిరుగుడును తెచ్చును. కాలు అడుగున నూనెలో మునిగియున్న చిన్న పెట్టెలో మూడు పండ్ల చక్రములు కలవు. నిలువు ఇరుసు చివరనున్న చక్రము తక్కిన రెండింటిని త్రిప్పును. ఆ రెండును ఎప్పుడును ఒకదానికొకటి ఎదురుగా తిరుగుచుండును. ఒకటి పడవను ముందుకు త్రోయుటకు, రెండవది వెనుకకు లాగుటకు.

ఈ రెండు చక్రముల నడుమ, పంకా ఇరుసుమీద, అటునిటు జరుగు పండ్ల దిమ్మె ఒకటి ఉన్నది. మనము మీటను ముందుకు నెట్టినపుడు ఆ దిమ్మె ముందు చక్రముతో ముడిపడును. వెనుకకు లాగినపుడు వెనుక చక్రముతో ముడిపడును. నడుమనున్నపుడు దేనితోను ముడిపడక ఊరకుండును. ఈ నడిమి స్థితినే న్యూట్రలు అందురు. దిమ్మె జరుగుట మాత్రమే గేరు వేయుట. మీటకును ఆ దిమ్మెకును నడుమ ఒక తీగ కేబులు, కొన్ని చిన్న కడ్డీలు, శీలలు కలవు. గేరు బిగిసినదన్నచో ఈ దారిలో ఎక్కడనో ఒకచోట అడ్డు తగిలినదని అర్థము. ఆ చోటును కనుగొనుటయే పనిలో సగము.

నడియేట గేరు బిగిసినచో

మొదట మనుష్యుల క్షేమము చూడవలెను, తరువాత యంత్రమును చూడవలెను. పడవలోని వారినందరిని కూర్చుండుమని, ఒకవైపునకు ఒరుగవద్దని గట్టిగా చెప్పవలెను. ఏమి జరిగినదో చూచుటకు అందరును వెనుకవైపునకు లేచి వచ్చుటచేతనే చిన్న పడవలు మునుగు ప్రమాదము కలదు.

గేరు ముందుకు వేసియుండగా బిగిసి, పడవ ఒడ్డుమీదికో వంతెన స్తంభము మీదికో పోవుచున్నచో, మీటతో పెనుగులాడుచు కాలము పోగొట్టకూడదు. వెంటనే ఇంజనును ఆపవలెను. వెనుక తగిలించు ఇంజనులకు ఎఱ్ఱని చుట్టల త్రాడు ఒకటి ఉండును. దానిని నడుపువాని మణికట్టునకో, రక్షణ చొక్కాకో తగిలించుకొనుట నియమము. ఆ త్రాడు లాగిన తక్షణమే ఇంజను ఆగిపోవును. డీజిలు లాంచీలలో ఇంధనమును మూయు మీట ఆ పని చేయును. ఆ మీట ఎక్కడ ఉన్నదో సరంగుకే కాక పడవలోని మరియొకనికికూడ తెలిసియుండవలెను.

ఇంజను ఆగిన తరువాత పడవ ప్రవాహము పాలగును. కనుక ఆపుటకు ముందే, వ్యవధి ఉన్నచో, లంగరు చేతికి అందునట్లు ఉంచుకొనవలెను. లంగరును పడవ ముందుభాగమునుండి వేయవలెనే కాని వెనుకనుండి వేయకూడదు. వెనుకనుండి వేసినచో వడిగల నీరు వెనుక అంచుమీదుగా లోనికి వచ్చును. లోతు తక్కువైనచోట గడ, తెడ్లు పనికివచ్చును. యంత్రమున్నది గదా అని గడను, తెడ్లను ఒడ్డున విడిచిపోవుట మిక్కిలి అవివేకము.

గోదావరి వడి ఎట్టిదో ఈ ప్రాంతమువారికి చెప్పనక్కరలేదు. 2019 సెప్టెంబరు 15వ తేదీన పాపికొండల దిగువన కచ్చులూరు వద్ద విహారపు పడవ మునిగి అనేకులు ప్రాణములు కోల్పోయిరి. ఆ ఘోరమునకు గేరు కారణమని ఇచ్చట చెప్పుట లేదు. వరదనీటిలో పడవ కొన్ని నిమిషములు అదుపు తప్పినను ఎంతటి ముప్పు వాటిల్లునో గుర్తుచేయుటకే ఆ మాట. కావున రక్షణ చొక్కాలు పడవలో మూటకట్టి ఉండుట చాలదు; ఒంటిమీద ఉండవలెను.

బిగింపు వలె కనబడునవి

ఒడ్డునకు చేరిన తరువాత మొదట విచారించవలసినది, ఇది నిజముగా లోపమా, కాదా అని. మూడు సందర్భములలో లోపము లేకుండగనే గేరు బిగిసినట్లు తోచును.

మొదటిది, ఇంజను ఆగియున్నపుడు గేరు వేయబోవుట. రెండు దువ్వెనలను ఎదురెదురుగా పెట్టి నెట్టిచూడుడు. పంటికి పన్ను తగిలినచో అవి కలియవు. ఒకదానిని కొంచెము జరిపినచో ఒకదాని సందులలో ఒకటి ఇమిడిపోవును. గేరు దిమ్మె సంగతియు అంతే. ఇంజను తిరుగనపుడు పండ్లు ఎదురెదురుగా నిలిచియుండవచ్చును. అప్పుడు ఒకరు మీటను మెల్లగా నెట్టుచుండగా మరియొకరు పంకాను చేతితో కొంచెము త్రిప్పినచో గేరు పడును. పంకాను తాకుటకు ముందు ఎఱ్ఱ త్రాడు తీసివేయుట, పెట్రోలు ఇంజనుకు ప్లగ్గు తీగ ఊడదీయుట తప్పనిసరి. ఈ జాగ్రత్త లేక వేళ్లు పోగొట్టుకొనిన వారు కలరు.

రెండవది, పిడి క్రింది తాళము. పెక్కు మీటలకు న్యూట్రలులో తాళము పడునట్లు ఏర్పాటు ఉన్నది. పిడి క్రింద ఉన్న చిన్న పట్టీని వ్రేళ్లతో పైకి లాగినగాని మీట కదలదు. క్రొత్తవారు ఈ సంగతి ఎరుగక బలము ఉపయోగింతురు.

మూడవది, ఇంజను వేగము తగ్గించకుండ గేరు తీయబోవుట. ఇంజను గట్టిగా లాగుచున్నపుడు దిమ్మె పండ్లు చక్రపు పండ్లను గట్టిగా పట్టుకొనియుండును. అప్పుడు అవి విడివడవు. వేగము పూర్తిగా తగ్గించి, పడవ జోరు తగ్గునంతవరకు ఆగి, తరువాత మీటను లాగవలెను. ఇంజను కనిష్ఠ వేగము ఉండవలసినదానికంటె ఎక్కువగా ఉన్నను ఇట్లే జరుగును. దానిని తయారీదారు పుస్తకములోని కొలతకు సరిచేయించవలెను.

వీనికి తోడు మరియొక భ్రమ కలదు. గేరు వేయగానే ఇంజను ఆగిపోయినచో గేరు చెడినదని అనుకొందురు. తరచు పంకాకు చేపలవల గాని, నైలాను త్రాడు గాని, వరదలో కొట్టుకొని వచ్చిన గోనెసంచి గాని చుట్టుకొని ఉండును. ఇంజనును ఆపి కాలును పైకి లేపి చూచినచో ఒక నిమిషములో నిజము తేలును.

అడ్డు ఎక్కడ ఉన్నదో కనుగొనుట

పై కారణములేవియు కాదని తేలినపుడు గేరు దారిని మూడు భాగములుగా విభజించుకొనవలెను. ఒకటి, నడుపువాని చేతి దగ్గరి మీట పెట్టె. రెండు, అక్కడినుండి ఇంజను వరకు పోవు కేబులు. మూడు, ఇంజను కాలులోని కడ్డీ, పండ్ల పెట్టె. మొత్తము విప్పవలసిన పని లేదు. రెండు పరీక్షలతో దోషము ఏ భాగములో ఉన్నదో తేలును.

మొదటి పరీక్ష ఇంజను దగ్గర చేయవలెను. ఇంజను ఆపి, మూత తీసి, గేరు కేబులు చివర కడ్డీకి తగిలించియున్న చోట చిన్న పిన్నును తీసి కేబులును వేరుచేయవలెను. పిన్ను నీటిలో పడకుండ క్రింద గుడ్డ పరచుకొనవలెను. ఇప్పుడు మీటను కదపవలెను. మీట సులభముగా కదలినచో మీట పెట్టెయు, కేబులును బాగున్నవి. దోషము ఇంజనువైపు ఉన్నది. దానిని నిర్ధారించుకొనుటకు ఇంజనువద్ద కడ్డీని చేతితో కదపుచు, మరియొకరిచేత పంకాను త్రిప్పించి చూడవలెను.

కేబులును వేరుచేసిన తరువాతకూడ మీట బిగిసియే ఉన్నచో రెండవ పరీక్ష చేయవలెను. మీట పెట్టె దగ్గర కేబులు రెండవ చివరను ఊడదీయవలెను. ఇప్పుడు మీట కదలినచో దోషము కేబులులో ఉన్నది. అప్పటికిని కదలనిచో దోషము మీట పెట్టెలో ఉన్నది.

మీట కదలుచున్నది కాని ఇంజను దగ్గర ఏమియు కదలుట లేదన్నచో కేబులు లోపల తెగినది, లేదా చివరి పట్టు జారినది. ఇంజను తిన్ననుగా ఉన్నపుడు బాగుండి, ఒకవైపునకు పూర్తిగా త్రిప్పినపుడు మాత్రమే బిగియుచున్నచో కేబులు పొడవు చాలుట లేదు, లేదా ఎక్కడనో పడవ చెక్కకు కట్టివేయబడినది.

మీట పెట్టె, కేబులు లేక ఇంజనుకే గేరు మీట అమర్చబడిన చిన్న యంత్రములలో మొదటి పరీక్ష అవసరము లేదు. అచ్చట మీట ఇరుసును, దానినుండి క్రిందికి దిగు కడ్డీని మాత్రమే చూడవలెను.

కేబులు దోషములు

పెక్కు సందర్భములలో దోషము కేబులులోనే బయటపడును. పైతొడుగు ఎండకు పగిలి నీరు లోనికి దిగును. లోపలి ఉక్కు తీగ త్రుప్పుపట్టి ఉబ్బును. ఆపైన తొడుగులో ఇరుకు ఏర్పడి తీగ కదలదు. సముద్రతీరమున ఉప్పు ఈ పని త్వరగా చేయును. మన గోదావరిలో ఉప్పు లేదు. కాని సన్నని ఒండ్రు ఉన్నది. వరదనీరు ఎండిన తరువాత ఆ ఒండ్రు సిమెంటు వలె గట్టిపడి తీగను పట్టుకొనును.

కేబులును మరీ ఇరుకుగా వంచుట మరియొక దోషము. వంపు ఒక పెద్ద పళ్లెము అంచు వలె విశాలముగా ఉండవలెను; వంపు అర్ధవ్యాసము ఇంచుమించు 8 అంగుళములకు తగ్గకూడదు. సరకు బస్తాలు కేబులుమీద వేయుట, దానిని పట్టుకొని పడవ ఎక్కుట మొదలగు పనులవలన తొడుగు నలిగిపోవును.

బిగిసిన కేబులులో నూనె పోసి అటునిటు లాగి కదలించువారు కలరు. ఆనాటికి కదలును. మరునాడు నడియేట మరల బిగియును. లోపల త్రుప్పుపట్టిన కేబులును బాగుచేయుటకు ప్రయత్నింపక మార్చివేయుటయే సరియైన పని. మొత్తము ఇంజను ధరతో పోల్చినచో కేబులు ధర స్వల్పము. పాత కేబులును విప్పి తీసికొనిపోయి, అదే పొడవు, అదే విధమైన చివరలు గలదానిని తేవలెను.

క్రొత్త కేబులు అమర్చునపుడు మీటను, ఇంజనును రెండింటిని న్యూట్రలులో ఉంచవలెను. అప్పుడు కేబులు చివర కొక్కెము ఏ బలవంతము లేకుండ శీలమీద దిగవలెను. దిగనిచో చివరనున్న మరను త్రిప్పి పొడవు సరిచేయవలెను. ఇది తప్పినచో గేరు సగము మాత్రమే పడును. సగము పడిన గేరు భారము పడగానే కటకటమని జారుచు పండ్లను కొరికివేయును. అమర్చిన తరువాత ముందుకు, వెనుకకు గేరు పూర్తిగా పడుచున్నదా లేదా అని పడవను రేవుకు కట్టియుంచియే పరీక్షింపవలెను.

మీట పెట్టె దోషములు

మీట పెట్టెలో చిన్న గుండులు, స్ప్రింగులు, పండ్ల ముక్కలు ఉండును. మీట న్యూట్రలులో చక్కగా నిలుచుటకు, జారిపోకుండుటకు అవి సాధనములు. పాత గ్రీజు ఎండి బంకవలె అగుట, ఒండ్రు చేరుట, స్ప్రింగు విరుగుట, బిగింపు మర అధికముగా బిగియుట ఇందలి దోషములు. బిగింపు మరను కొంచెము వదులుచేసి చూచుట ఎవరైనను చేయవచ్చును. అంతకు మించి పెట్టెను విప్పుట పని తెలిసినవానికే అప్పగింపవలెను. విప్పగానే స్ప్రింగు ఎగిరి గోదావరిలో పడినచో దాని స్థానమున పెట్టుటకు మన ఊరి కొట్టులో ఏమియు దొరకదు.

ఇంజను కాలులోని దోషములు

ఇవి పెద్దవి. వీనిని గుర్తించుట మన పని. బాగుచేయుట మెకానిక్కు పని. గుర్తించుటకు నూనె మంచి సాక్షి. కాలు అడుగున ఒక మర, దానికి పైన ఒక మర ఉండును. అడుగు మరను కొంచెము వదలించి కొద్దిగా నూనెను గిన్నెలో పట్టి చూడవలెను. నూనె పాలవలె తెల్లగా ఉన్నచో లోనికి నీరు దిగినది. నీరు దిగినచోట పండ్లు, బేరింగులు త్రుప్పుపట్టి గేరు బిగియును. మరకు అంటియున్న సన్నని బూడిదవంటి లోహపు పొడి సహజమైనది; కాని ముక్కలు, పెళుసులు కనబడినచో పండ్లు విరుగుచున్నవని తెలియవలెను. అట్టి ఇంజనును మరల నీటిలో దింపకూడదు.

నీరు లోనికి ఏల దిగును? మన ప్రాంతమున తరచు కనబడు కారణము వలనూలు. తెగిన నైలాను పోగు పంకా వెనుక ఇరుసుకు చుట్టుకొని, వేడికి కరగి, లోపలి రబ్బరు ముద్రను కోసివేయును. ఆ కోతగుండా నూనె బయటికి, నీరు లోనికి పోవును. కావున అప్పుడప్పుడు పంకాను విప్పి ఇరుసును శుభ్రము చేయవలెను. 100 గంటల పనికొకసారి గాని, ఏడాదికొకసారి గాని గేరు నూనె మార్చుట మంచిది. క్రొత్త నూనెను అడుగు రంధ్రమునుండి పైకి నింపవలెను. పై రంధ్రమునుండి నూనె కారునంతవరకు నింపినగాని లోపలి గాలి బయటికి పోదు.

డీజిలు లాంచీలు

పెద్ద లాంచీలలో ఇంజను పడవ కడుపులో ఉండును. గేరు పెట్టె దాని వెనుకనే ఉండును. ఇక్కడకూడ పైన చెప్పిన రెండు పరీక్షలే ఉపయోగపడును. ఒక సౌకర్యము ఎక్కువ. కేబులు బిగిసినచో, దానిని వేరుచేసి, గేరు పెట్టెమీద ఉన్న పొట్టి మీటను పెక్కు లాంచీలలో చేతితోనే కదపవచ్చును. ఒకరు పైన చుక్కాని పట్టియుండగా మరియొకరు లోపల ఆ మీట దగ్గర కూర్చుండి, ఒక గంట ముందుకు, రెండు గంటలు వెనుకకు, మూడు గంటలు న్యూట్రలు అని ముందే సంజ్ఞలు ఏర్పరచుకొని, మెల్లగా ఒడ్డు చేరవచ్చును. తిరుగు ఇరుసు దగ్గర పని చేయువాని పంచె, తువాలు వ్రేలాడకుండ చూడవలెను.

నూనె ఒత్తిడితో పనిచేయు గేరు పెట్టెలలో మీట చక్కగా కదలియు పడవ కదలనిచో మొదట గేరు నూనె మట్టమును చూడవలెను. నూనె తగ్గినచో లోపలి పలకలు పట్టు వదలును.

చేయకూడనివి

మీటకు గొట్టము తొడిగి బలము పెంచి లాగకూడదు. మీటగాని కేబులుగాని విరుగును. సుత్తితో కొట్టకూడదు. బిగిసిన భాగమును మంటతో వేడిచేయకూడదు; ప్రక్కనే పెట్రోలు ఉన్నదని మరువరాదు. త్రుప్పు వదలించుటకు పెట్రోలు పోసి అదే చోట ఇంజనును నడుపకూడదు. గేరును మెల్లమెల్లగా, సందేహించుచు వేయకూడదు. అట్లు చేసినచో పండ్లు ఒకదానినొకటి గీచుకొని అరుగును. ఇంజనును కనిష్ఠ వేగమునకు తెచ్చి, ఒకే ఊపున, స్థిరముగా వేయవలెను. ముందు గేరునుండి వెనుక గేరుకు పోవునపుడు న్యూట్రలులో ఒక క్షణము ఆగవలెను. ఈ ఒక్క అలవాటు గేరు ఆయుష్షును ఎంతో పెంచును.

పంచాయతీ చేయవలసిన ఏర్పాట్లు

వరదపడవకు గల పెద్ద శత్రువు వాడకము కాదు, వాడకపోవుట. కార్తీకమునుండి జ్యేష్ఠము వరకు అది గోడప్రక్క బోర్లించి ఉండును. ఆషాఢమున ఒకనాటి రాత్రి మూడవ హెచ్చరిక వెలువడగానే దానిని లాగుదురు. ఎనిమిది నెలలు కదలని మీట ఆ రాత్రి ఎందుకు కదలును?

కావున ప్రతి సంవత్సరము మే నెలలోనే, తొలకరికి ముందు, పంచాయతీ సభ్యుల ఎదుట పడవను నీటిలో దింపి పరీక్షింపవలెను. మీటను ముందుకు, నడుమకు, వెనుకకు పదిసార్లు కదపి చూడవలెను. గేరు నూనె రంగు చూడవలెను. కేబులు తొడుగును చేతితో తడిమి పగుళ్లు వెదకవలెను. శీలలకు, కీళ్లకు నీటికి కరగని గ్రీజు పూయవలెను. తక్కిన నెలలలోకూడ నెలకొకసారి మీటను కదపుట కావలికాని విధిగా ఏర్పరుపవలెను. వరద తగ్గిన వెంటనే, ఒండ్రు ఎండకముందే, మంచినీటితో కడిగి, ఆరబెట్టి, గ్రీజు పూసి నీడలో ఉంచవలెను.

పడవతోపాటు ఒక రేకుపెట్టె ఉండవలెను. అందులో ఒక గేరు కేబులు, పంకా ఒకటి, దాని పిన్నులు, కేబులు చివరి పిన్నులు, ఒక ఎఱ్ఱ త్రాడు, ప్లగ్గులు, పట్టకార, పానాలు, స్క్రూ డ్రైవరు, వలనూలు కోయుటకు కత్తి, టార్చిలైటు, గ్రీజు డబ్బా ఉంచవలెను. పెట్టె తాళముచెవి ఒకరి ఇంటనే ఉండి, వారు ఊరిలో లేనినాడు వరద వచ్చిన ఉదంతములు లేకపోలేదు. రెండు తాళముచెవులు ఇద్దరి దగ్గర ఉండవలెను.

ఒక పుస్తకముకూడ ఉంచవలెను. ఏ తేదీన ఎన్ని గంటలు నడచినది, ఎప్పుడు నూనె మార్చినది, గేరు ఏ స్థితిలో బిగుసుగా తోచినది అను వివరములు అందులో వ్రాయవలెను. మెకానిక్కు వచ్చినపుడు ఈ పుస్తకము చూపినచో పని సగము తగ్గును. మొత్తము ఇంజను మార్చవలెనని ఎవరైన చెప్పినపుడు, రెండు పరీక్షలు చేసినారా, దోషము మూడు భాగములలో ఎక్కడ ఉన్నది, నూనె ఏ రంగున ఉన్నది అని సభ్యులు అడుగవలెను. ఆ ప్రశ్నలకు జవాబు రానిదే తీర్మానము వ్రాయకూడదు. కేబులుతో పోవుదానికి ఇంజను కొనుట ప్రజల సొమ్మును ఏటిలో కలుపుటయే.

పడవ నడుపుట ఒక్కనికే తెలిసియుండుటయు మంచిది కాదు. ఏటి ఒడ్డున పుట్టి పెరిగిన యువకులు నలుగురికైన ఇంజను ఆపుట, గేరు పరీక్షించుట, లంగరు వేయుట నేర్పవలెను. కోయ, కొండరెడ్డి పల్లెలలో దోనె నడుపుటలో ఆరితేరినవారు ఉన్నారు. నీటి తీరు వారికి తెలిసినంత మరెవరికిని తెలియదు. యంత్రపు తీరుకూడ వారికి నేర్పినచో ఆ పల్లెలకు అంతకంటె మంచి రక్షణ లేదు.

ప్రయాణికులను చేరవేయు పడవల విషయమున మరియొక కర్తవ్యము కలదు. 1917 నాటి పాత చట్టము స్థానమున 2021లో అంతర్దేశీయ నౌకల చట్టము చేయబడినది. యంత్రముతో నడచు పడవలకు తనిఖీ, రిజిస్ట్రేషను మొదలగు నియమములు అందున్నవి. తమ రేవున జనమును ఎక్కించుకొను పడవకు ఆ పత్రములు ఉన్నవా, రక్షణ చొక్కాలు సరిపడ ఉన్నవా అని అడుగుట గ్రామ పెద్దల బాధ్యత. 2014లో కూనవరము, చింతూరు, వర రామచంద్రపురము మొదలగు మండలములు ఆంధ్రప్రదేశ్‌లో చేరినవి. అందుచేత నేడు ఒకే నది ఒడ్డున రెండు రాష్ట్రముల పల్లెలు ఉన్నవి. అధికారులు వేరైనను వరద ఒక్కటే. ఇరువైపుల పంచాయతీలును ఒకరి పడవల వివరములు ఒకరు వ్రాసికొనియుండుట, ఒకచోట గేరు చెడినపుడు రెండవచోటినుండి పడవ వచ్చునట్లు ముందే మాట్లాడుకొనుట మేలు.

ఈ పనులలో ఏదియు గొప్ప వ్యయముతో కూడినది కాదు. ఒక మధ్యాహ్నపు పరీక్ష, ఒక కేబులు, ఒక గ్రీజు డబ్బా, ఒక పుస్తకము. రాబోవు పంచాయతీ సమావేశపు కార్యక్రమములో పడవ తనిఖీని ఒక అంశముగా చేర్చి, దానికి ఇద్దరు సభ్యులను బాధ్యులుగా నియమించి, తేదీని నిర్ణయింపుడు. నీరు 43 అడుగులు చేరకముందే ఆ తేదీ గడచిపోవలెను.